ఎన్ని పరాయి భాషలు నేర్చుకుంటే చాలు? – గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం



ఈసారి మన గోడపత్రికలో గొప్పవాళ్ళ జీవితం రాసే వంతు నాది. నేను గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి గురించి రాస్తున్నాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, అది ఆయన పుట్టినరోజే. ఆ రోజు ఫోటోకి దండ వేస్తాం. వ్యవహారిక భాషకి పితామహుడు అని ఉపన్యాసాల్లో చెప్తాం. తర్వాత మిఠాయి పంచుతారు, అయిపోతుంది. కానీ ఆయన ముప్పై ఏళ్ళకి పైగా మా సవర భాష మీద పనిచేసేరన్న సంగతి ఉపన్యాసాల్లో ఒక్క ముక్కలో వచ్చి పోతుంది. నేను సవర పిల్లని. అందుకని నేను ఆ వైపు నుంచి రాస్తాను.

ఇంకో కారణం కూడా ఉంది. మన హాస్టల్లో ఈ మధ్య రాత్రిపూట ఒక వాదన నడుస్తోంది. ఎన్ని పరాయి భాషలు నేర్చుకుంటే చాలు అని. పదో తరగతి అక్కలు కొందరు నర్సింగ్ చదివి జర్మనీ వెళ్తాం, జర్మన్ నేర్చుకోవాలి అంటున్నారు. కొందరు ఇంగ్లీషు ఒక్కటి బాగా వస్తే చాలు, మిగతావి దండగ అంటున్నారు. ఇంకొందరు ఎన్ని వస్తే అంత గొప్ప, పి.వి. నరసింహారావు గారికి పది పైన భాషలు వచ్చు కదా అంటున్నారు. అందరూ వేళ్ళమీద లెక్కపెట్టేరు గానీ ఒక్కరూ సవరని లెక్కలో వెయ్యలేదు.

నా లెక్క చెప్తాను. మా ఇంట్లో అక్షరాలు దిద్దినదాన్ని నేనే మొదట. మా అమ్మకీ అయ్యకీ వేలిముద్రే. ఇంట్లో సవర మాట్లాడతాం. కాబట్టి నాకు మొదటి పరాయి భాష తెలుగు. తర్వాత బడిలో హిందీ, ఇంగ్లీషు వచ్చేయి. సంతకి ఒడిశా వైపు నుంచి వచ్చే షావుకార్ల దగ్గర కొంచెం ఒడియా అబ్బింది. అంటే పద్నాలుగేళ్ళకే నాకు నాలుగు పరాయి భాషలు. ఇంకా ఎన్ని? ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే నేను పంతులు గారి జీవితం చదివేను. మీరు కూడా అలాగే చదవండి.

బాల్యం

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టేరు. ఊరు పర్వతాలపేట. వంశధార నది ఒడ్డున శ్రీముఖలింగం గుడి ఉంది కదా, దానికి దగ్గర. ఇప్పుడు అది శ్రీకాకుళం జిల్లా. అప్పట్లో గంజాం జిల్లా అనేవారు. మద్రాసు నుంచి ఇంగ్లీషువాళ్ళు పాలించేవారు. ఆయన తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు.

1875లో తండ్రి చనిపోయేరు. అప్పటికి ఈయనకి పన్నెండేళ్ళు. మన ఏడో తరగతి పిల్లల వయసు. మేనమామ గారి ఆదరణ మీద చదువు సాగింది. విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదివేరు. అక్కడ ఆయనతో కలిసి చదివినవారు గురజాడ అప్పారావు గారు. తర్వాత కన్యాశుల్కం నాటకం రాసిన ఆయనే. ఇద్దరి స్నేహం గురజాడ గారు 1915లో చనిపోయేదాకా నిలిచింది. 1879లో రామమూర్తి గారు మెట్రిక్యులేషన్ ప్యాసయ్యేరు.

ఇక్కడ ఒక మాట. ఆయన ఇంటి భాష తెలుగు. మొదటి పరాయి భాష ఇంగ్లీషు. అది ఎందుకు నేర్చుకున్నారంటే బతుకుతెరువు కోసమే. తండ్రి లేని కుర్రాడికి ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం దొరకదు. అందులో తప్పేమీ లేదు. మా అయ్య నన్ను పోడు పని మాన్పించి ఇక్కడికి పంపింది కూడా అందుకే. కడుపు కోసం నేర్చుకునే భాషని ఎవరూ తక్కువ చెయ్యకూడదని నా అభిప్రాయం.

పర్లాకిమిడి ఉద్యోగం

1880లో ఆయనకి పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులు ఉద్యోగం వచ్చింది. జీతం నెలకి 30 రూపాయలు. చరిత్ర పాఠం చెప్పేవారు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లాలో ఉంది. పాతపట్నం దాటితే అదే. మన కొండల నుంచి ఎంతో దూరం కాదు. ఉద్యోగం చేస్తూనే ఆయన ప్రైవేటుగా పరీక్షలకి కట్టి 1886లో ఎఫ్.ఏ., తర్వాత బి.ఏ. కూడా ప్యాసయ్యేరు. పగలు పిల్లలికి పాఠం చెప్పడం, రాత్రి తన పాఠం చదువుకోవడం.

పర్లాకిమిడిలో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసి ఉంటారు. కాబట్టి ఒడియా చుట్టుపక్కల వినిపించే భాషే. ఇవి కాక ఆయన ఇంకో వింత చదువు చదివేరు. శ్రీముఖలింగం గుడి గోడల మీద పాత రాజుల శాసనాలు ఉన్నాయి. ఆ లిపి ఇప్పటి తెలుగు లిపిలా ఉండదు. మనం వెళ్ళి చూస్తే గీతల్లాగే కనిపిస్తాయి. నేర్పేవాళ్ళు లేకపోయినా ఆయన తనకు తానే ఆ లిపి నేర్చుకుని శాసనాలు చదివేరు. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం అంటే ఈ ముఖలింగమే అని రుజువులు చూపించి ఇంగ్లీషులో వ్యాసం రాసేరు.

ఇంతవరకు నేర్చుకున్నవాటికి అన్నిటికీ ఏదో ఒక లాభం ఉంది. ఇంగ్లీషుకి జీతం వచ్చింది. ఒడియాకి ఇరుగుపొరుగు ఉన్నారు. శాసనాలకి పండితుల్లో పేరు వచ్చింది. అక్కడితో ఆగిపోయినా ఆయన గొప్పవారే. హాస్టల్ వాదనలో లెక్క ప్రకారం ఆయనకి అవి చాలు. ఆ తర్వాత నేర్చుకున్న భాషకి మాత్రం పరీక్ష లేదు, జీతం లేదు, పుస్తకం కూడా లేదు.

సవర భాష

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల మీద సవరలు. చింతపండు, అడ్డాకులు, పసుపు, కొండచీపుర్లు మోసుకుని సంతకి దిగేవారు. ఇప్పుడు కూడా మా అమ్మావాళ్ళు అలాగే దిగుతారు. భాష రానివాడు సంతలో ఎలా ఉంటాడో మనకి తెలుసు. సరుకు ధర వాడు చెప్పలేడు. బాకీ కాగితంలో ఏముందో చదవలేడు. కచేరీలో తన గోడు తాను చెప్పుకోలేడు. అన్నిటికీ మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మధ్యమనిషి ఏం చెప్తే అదే.

అప్పటి చదువుకున్నవాళ్ళు చాలామంది సవరలు తెలుగు నేర్చుకుంటే సరిపోతుంది కదా అనుకునేవారు. పంతులు గారు తిరగేసి ఆలోచించేరు. వాళ్ళకి చదువు చెప్పాలంటే ముందు నేను వాళ్ళ భాష నేర్చుకోవాలి అనుకున్నారు. బడి పంతులు, పిల్లల భాష రాకుండా పాఠం ఎలా చెప్తాడు? చూడ్డానికి చిన్న సంగతే. కానీ ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల అలా ఆలోచించినవాళ్ళు అరుదు.

ఎలా నేర్చుకున్నారంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషి మాట్లాడుతుంటే వినడం, మాట రాసుకోవడం, మళ్ళీ పలికి చూపించడం. కొండ ఊళ్ళకి తనే వెళ్ళి మనుషులు మాట్లాడుకునేది వినడం. బి.ఏ. చదివిన పంతులు గారు బడికి ఎప్పుడూ వెళ్ళని సవర మనుషుల ముందు విద్యార్థిలా కూర్చున్నారన్నమాట. ఇది తలుచుకుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

మా భాష తెలుగువాళ్ళకి సులువు కాదు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం. సవర ఆ కుటుంబం కాదు. ఒడిశా, జార్ఖండ్ లో మాట్లాడే సంతాలీ, ముండారీ దీనికి అక్కచెల్లెళ్ళు. దూరపు చుట్టాలు ఎక్కడున్నారో తెలుసా? కంబోడియాలో ఖ్మేర్ భాష, వియత్నాంలో వియత్నామీ భాష. నీళ్ళని మేము డా అంటాం. సంతాలీలో కూడా దాదాపు అదే మాట. అంటే మన పక్క కొండ మీద ఉన్న భాషే తెలుగువాళ్ళకి నిజంగా పరాయి భాష. దాన్ని నేర్చుకోవడానికి ఓడ ఎక్కక్కర్లేదు, కొండ ఎక్కితే చాలు.

సవరలో కొన్ని మాటలు గొంతులో టక్కున ఆగిపోతాయి. ఆ ఆగడానికి తెలుగులో అక్షరం లేదు. వినని చెవికి అది వినబడదు కూడా. పంతులు గారు ఆ చప్పుడుని పట్టుకుని దానికి ఒక గుర్తు పెట్టుకున్నారు.

లెక్కలు కూడా వేరు. అబొయ్, బాగు, యాగి అని మొదలెట్టి పన్నెండు దాకా వెళ్తాం. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ఇరవై అయితే ఒక కట్ట. ముప్పై మూడు చెప్పాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక ఒకటి. మా మామ్మ ఇప్పటికీ జీడిపిక్కలు ఇలాగే లెక్కపెడుతుంది, ఒక్కటి తప్పదు. బడిలో మాత్రం అన్నీ పదుల కట్టలే. చిన్న పిల్లలు పదుల స్థానం దగ్గర తడబడితే తెలివి లేదనుకుంటారు. తెలివి లేక కాదు. వాళ్ళు ఇంట్లో వేరే లెక్క నేర్చుకుని వచ్చేరు.

దానికి ఇచ్చుకున్న ఖరీదు

కొండల్లో జ్వరాలు మనకి తెలిసినవే. ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ. మలేరియాకి మందు క్వినైన్ ఒక్కటే. కొండలు తిరిగి తిరిగి పంతులు గారికి జ్వరం పట్టుకుంది. క్వినైన్ వాడకం వల్ల ఆయనకి చెవుడు వచ్చింది. క్వినైన్ ఎక్కువైతే వినికిడి దెబ్బతింటుందని డాక్టర్లు కూడా చెప్తారు. భాష నేర్చుకునే మనిషికి చెవి కంటే ముఖ్యమైనది ఏముంటుంది? ఆయన చెవి మా కొండల్లో పోయింది. అయినా ఆ పని మానలేదు. ఇంకా ఎన్నో ఏళ్ళు చేసేరు.

డబ్బు కూడా పోసేరు. సవర భాషలో చిన్న చిన్న పుస్తకాలు రాసేరు. పిల్లలికి పనికొచ్చే వాచకాలు, పాటలు, కథలు. సొంత డబ్బుతో సవర పిల్లలికి బడులు పెట్టేరు. అక్కడి పంతుళ్ళకి జీతాలు కూడా తనే ఇచ్చేరు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకి పారితోషికం ఇవ్వబోతే తనకి వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకి మంచి బడి పెట్టమని చెప్పేరు. 1913లో ప్రభుత్వం ఆయనకి రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

ఆయన 1911లోనే ఉద్యోగం నుంచి రిటైరయ్యేరు. కానీ సవర పని రిటైరవ్వలేదు. 1931లో సవర భాష వ్యాకరణ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. ఆ పుస్తకం పేరులో సోరా అనే మాట ఉంటుంది. మా భాషకి మేము పెట్టుకున్న పేరు అదే. అందులో దీర్ఘం పలకాల్సిన చోటల్లా రెండు చుక్కలు పెట్టేరు, ఎవరు చదివినా మా నోట్లో పలికినట్టే పలకాలని. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చేరు. 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యింది. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్ళు. ఆయన కొడుకు గిడుగు వెంకట సీతాపతి గారు కూడా సవర నేర్చుకుని ఆ పని సాగించేరు.

తెలుగులో కూడా ఒక పరాయి భాష

మనం సభల్లో చెప్పుకునే సంగతి ఇప్పుడు వస్తుంది. ఆ రోజుల్లో తెలుగు పిల్లలు బడిలో చదివే తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి కాదు. పుస్తకాల్లో గ్రాంథికం. వందల ఏళ్ళ కిందటి కావ్యాల భాష. పరీక్షలో కూడా అందులోనే రాయాలి. 1907లో ఏట్స్ అనే దొర ఈ ప్రాంతానికి స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చేరు. జనం మాట్లాడే తెలుగు ఒకలా, పుస్తకాల్లో తెలుగు ఇంకోలా ఎందుకుందని ఆయన అడిగేరు. ఆ ప్రశ్న పంతులు గారిని పట్టుకుంది. గురజాడ గారితో కలిసి, చదువుకున్నవాళ్ళు మాట్లాడే వ్యవహారిక భాషలోనే పిల్లలు చదవాలి, రాయాలి అని ఉద్యమం మొదలుపెట్టేరు.

దానికి పెద్ద పెద్ద పండితులు అడ్డం తిరిగేరు. జయంతి రామయ్య పంతులు గారు లాంటివాళ్ళు గ్రాంథికమే ఉండాలన్నారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి పోరాడేరు. వాళ్ళ భయం కూడా వట్టిది కాదు. పిల్లలు మాట్లాడే భాషకే అలవాటుపడితే పాత పద్యాలు, కావ్యాలు ఎవరికీ అర్థం కాకుండా పోతాయని వాళ్ళ దిగులు. పంతులు గారు పాత పుస్తకాలనే తిరగేసి, ఆ పండితులు తప్పనే మాటలు పాత కవులు కూడా వాడేరని చూపించేరు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టి తన వాదం అందులో రాసేరు. సభల్లో గంటల తరబడి మాట్లాడేరు. చెవుడు ఉన్నా వాదనలో వెనక్కి తగ్గలేదు. ఆయన చనిపోయేక చాలా ఏళ్ళకి మన పాఠ్యపుస్తకాలు వ్యవహారికంలోకి మారేయి. ఈ గోడపత్రిక మనం ఇలా మాట్లాడినట్టు రాసుకుంటున్నామంటే అందులో ఆయన కష్టం ఉంది.

నాకు ఇక్కడ ఒకటి తోచింది. సవరకి చేసింది, తెలుగుకి చేసింది రెండు పనులు కావు, ఒకటే పని. పిల్లకి అర్థమయ్యే భాషలో చదువు మొదలవ్వాలి అన్నదే రెండిటిలోనూ ఉంది. అయితే తెలుగు పిల్లలికి ఆ పని పూర్తయ్యింది. మనకి సగంలో ఉంది.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యింది. పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. పంతులు గారు అది తెలుగువైపే ఉండాలని పోరాడేరు, కుదరలేదు. యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయేరు. అప్పటికి ఆయనకి డెబ్బై రెండేళ్ళు. గీత గీసేక సవర కొండలు కూడా కొన్ని అటు, కొన్ని ఇటు అయ్యేయి. మా చుట్టాలు సగం మంది ఇప్పటికీ అటే ఉన్నారు.

ఆ సంవత్సరమే, 1936లోనే, ఒడిశా వైపు మంగై గొమాంగో గారు అనే సవర పెద్దమనిషి మా భాషకి సొంత లిపి తయారుచేసేరు. దాన్ని సోరంగ్ సొంపెంగ్ అంటారు. బయటినుంచి వచ్చిన పంతులు గారు ఒక పక్క, లోపలి మనిషి ఒక పక్క, ఒకే కాలంలో ఒకే భాషకి పనిచేసేరన్నమాట. ఇప్పుడు ఆ లిపి కంప్యూటర్లో కూడా ఉంది.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గిడుగు గారికి కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1940 జనవరి 22న ఆయన చనిపోయేరు.

అయితే ఎన్ని చాలు?

ఇప్పుడు మన వాదనకి వద్దాం. పంతులు గారికి వచ్చిన భాషలు లెక్కపెడితే చేతివేళ్ళు కూడా నిండవు. ఎన్నో భాషలు వచ్చినవాళ్ళ పట్టికలో ఆయన పేరు ఉండదు. కానీ ఒక్కో భాషకి ఒక్కో పని ఉంది. ఇంగ్లీషు బతుకుతెరువుకి, ఇంకా తన పరిశోధన లోకానికి చెప్పడానికి. సవర, సవర పిల్లల కోసం. పనిలేని భాష ఒక్కటి కూడా నెత్తికెత్తుకోలేదు. ఎత్తుకున్నది మధ్యలో దింపలేదు.

అందుకని నాకు తోచిన లెక్క ఇది. కొత్త భాష మొదలెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ భాషలో నేను ఎవరితో మాట్లాడతాను? దీనికి రోజూ టైము ఎక్కడినుంచి తెస్తాను? దీని కోసం ఏ భాష వదిలేస్తున్నాను?

జర్మన్ అంటున్న అక్కలకి మొదటి ప్రశ్నకి జవాబు ఉంది. అక్కడి ఆసుపత్రిలో రోగి నొప్పి ఎక్కడుందో చెప్తే వాళ్ళకి అర్థమవ్వాలి. కాబట్టి వాళ్ళు నేర్చుకోవాల్సిందే. గొప్పకోసం పది భాషల్లో నమస్కారం నేర్చుకోవడం మాత్రం నాకు నచ్చదు. మనకి సాయంత్రం స్టడీ అవరు రెండు గంటలే. ఒక గంట అటు పోతే లెక్కలు, సైన్సు ఎప్పుడు చదువుతాం?

ఇంగ్లీషు ఒక్కటే చాలు అనేవాళ్ళకి ఒక మాట. ఉద్యోగానికి చాలొచ్చు. కానీ రేపు మనలో ఒకరు నర్సమ్మ అయి ఇదే కొండకి వస్తే, మా మామ్మ ఏ భాషలో తన నొప్పి చెప్తుంది? ఒకరు టీచరమ్మ అయి వస్తే పిల్లలికి ఏ భాషలో పదుల కట్టలు చెప్తారు? మళ్ళీ మధ్యమనిషిని పెట్టుకోవాలా? మూడో ప్రశ్న అందుకే పెట్టేను. కొత్తది నేర్చుకోవడంలో తప్పు లేదు. ఉన్నది పోగొట్టుకుని నేర్చుకుంటే లెక్క పెరగదు, అంతే ఉంటుంది.

సవర ఒక్కటే చాలని కూడా నేను అనను. సవర ఒక్కటే వస్తే ఉద్యోగం రాదు, బస్సు బోర్డు కూడా చదవలేం. పంతులు గారు కూడా ముందు ఇంగ్లీషు చదివి నిలదొక్కుకున్నాకే కొండెక్కేరు. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షల మందికి పైగా ఉన్నారు. ఇంతమంది ఉన్నా, పిల్లలు హాస్టళ్ళలో పెరిగి మాట్లాడడం మానేస్తే ఆ నాలుగు లక్షలు ఎన్నాళ్ళు ఉంటాయి?

మేడమ్ లకి ఒక మనవి

ఈ సంవత్సరం మూడో తరగతిలో చేరిన చెల్లెళ్ళలో చాలామందికి తెలుగు సరిగ్గా రాదు. కొండ ఊళ్ళ నుంచి వచ్చేరు. క్లాసులో నోరు విప్పరు. నీళ్ళు కావాలన్నా, కడుపు నొప్పన్నా చెప్పలేక ఊరుకుంటారు. రాత్రి దుప్పటి కింద ఏడుస్తారు. వాళ్ళకి లెక్కలు రావని ఇప్పుడే రాసెయ్యకండి మేడమ్. సాయంత్రం స్టడీ అవర్లో అరగంట సవర వచ్చిన పెద్ద పిల్లలం వాళ్ళ పక్కన కూర్చుని, పగలు చెప్పిన పాఠం సవరలో చెప్తాం. ఆ తర్వాత అదే పాఠం తెలుగులో చెప్పిస్తాం. పన్నెండు, ఇరవై కట్టల నుంచి పదుల కట్టలకి ఎలా రావాలో చింతపిక్కలతో చూపిస్తాం. వేరే ఖర్చు ఏమీ లేదు. కువి మాట్లాడే చెల్లెళ్ళకి ఆ భాష వచ్చిన అక్కలు చెప్తే బాగుంటుంది. పర్మిషన్ ఇమ్మని కోరుతున్నాం.

ఇంకొకటి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలం కలిసి ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం మొదలెట్టేం. పేజీకి మూడు గళ్ళు గీసేం. సవర, తెలుగు, ఇంగ్లీషు. గొంతులో ఆగే చప్పుడుకి పైన చిన్న చుక్క పెడుతున్నాం. ఇప్పటికి 140 మాటలు అయ్యేయి. విత్తనాల పేర్లు, వానల పేర్లు, దుంపల పేర్లు మాకు సరిగ్గా తెలియవు. అవి మామ్మలకీ తాతలకీ తెలుసు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు పది మాటలు అడిగి రాసుకుని రండి. ఏ ఊళ్ళో అలా అంటారో పక్కన రాయండి. నోటుపుస్తకం లైబ్రరీ బీరువాలో పై అరలో ఉంటుంది.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని